ఆ పాలు యాడనుంచి వచ్చినాయి?

"జీవికి ప్రాథమిక ప్రమాణం కణం." ఈ వాక్యాన్ని ఎనిమిదో తరగతి నుంచి ఈ డిగ్రీ రెండో సంవత్సరం దాకా నేను ఎన్నిసార్లు రాసి ఉంటానో లెక్క లేదు. కణం బొమ్మ కూడా అన్నిసార్లే వేసినాను. పెన్సిలు సన్నగా చెక్కి, కేంద్రకాన్ని గుండ్రంగా చుట్టి, మైటోకాండ్రియాలను చిక్కుడు గింజల మాదిరి అక్కడక్కడ చల్లి, గాల్జీ సంక్లిష్టాన్ని దోసెల దొంతి మాదిరి పేర్చి, కుడివైపున గీతలు లాగి పేర్లు రాస్తే ఐదుకు నాలుగున్నర మార్కులు ఖాయం. ఇంతవరకు నా బొమ్మకు ఎవరూ వంక పెట్టలేదు. వంక పెట్టింది ఒక్క మా యమ్మే. అదీ బొమ్మను చూసి కాదు.

మాది ఎర్రమంచి. పెనుకొండకు దగ్గర, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన. ఈ పేరు చెబితే ఈనాడు అందరికీ గుర్తుకు వచ్చేది కియా కార్ల ఫ్యాక్టరీ. 2017లో ఒప్పందమై, 2019లో అక్కడినుంచి మొదటి కారు బయటికి వచ్చింది. అయితే ఫ్యాక్టరీ రాకముందూ, వచ్చినాక కూడా, మా యింటి జరుగుబాటు బోరు కింద ఉన్న ఎకరా మల్బరీ తోట మీద, ఆ ఆకు తినే పట్టుపురుగుల మీదనే. గూళ్లు హిందూపురం మార్కెట్టుకు పోతాయి. ఆ పొద్దు అక్కడ ఏ ధర పలికితే దాంట్లోనే మా అప్పులు, మా పండగలు, నా కాలేజీ ఫీజు. దారం మటుకు ధర్మవరం మగ్గాల మీదికి పోయి ఎవరి పెండ్లికో చీర అవుతుంది.

కిందటేడు వానల్లో మా షెడ్డులో పంట పోయింది. నాలుగో జ్వరం లేచి మూడు దినాలు అయింది. (పురుగు కుబుసం విడిచే ముందు మేత మానేసి, తల ఎత్తుకొని కదలకుండా ఉండే నిద్రను మా వైపు జ్వరం అంటారు.) ఇంకో నాలుగైదు దినాలు ఆకు వేస్తే పండి గూడు కట్టవలసిన పురుగులు. అవి ఆకు వదిలేసి అరల అంచుల వెంట తిరగడం మొదలుపెట్టినాయి. ఒళ్లు ఉబ్బి, కణుపుల మధ్య చర్మం నిగనిగ మెరుస్తోంది. వేలు తగిలితే చాలు, చర్మం పగిలి తెల్లని పాలు కారుతున్నాయి.

మా యమ్మ ఒక పురుగును అరచేతిలో పెట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"ఏమిరా, కాలేజీలో నువ్వు సదివేది పురుగుల సదువే గదా. ఇదేందో చెప్పు."

"పాలరోగం మా," అన్నాను.

"పాలరోగమని నాకూ తెలుసు లేరా. మీ జేజినాటి నుంచీ చూస్తాండేదే. నేనడిగేది అది గాదు. ఆకు తినే పురుగులో ఈ పాలు యాడనుంచి వచ్చినాయి?"

నేను తడుముకోకుండా జవాబు చెప్పినాను. మల్బరీ ఆకు తుంచితే పాలు వస్తాయి కదా, అవే అయి ఉంటాయని. మా యమ్మ నన్ను ఒక్కసారి ఎగాదిగా చూసింది. "ఆకులో పాలైతే అన్ని పురుగులకూ రావల్ల గదరా? బాగుండే పురుగును గిల్లితే తేటనీళ్లే వస్తాయి. సూడలేదా యెప్పుడూ?"

చూడలేదు. ఇరవై ఏండ్లుగా పురుగుల మధ్యనే పెరిగినాను, కణజీవశాస్త్రం పేపరులో క్లాసులో రెండోవాడిని. అయినా చూడలేదు. ఆ పూట నాకు తట్టిన ఆలోచనే ఈ వ్యాసం: మనం కణాంగాల పేర్లు నేర్చుకుంటున్నాము గాని వాటి పని నేర్చుకోవడం లేదు. పని తెలియకుండా పేరు నేర్చుకోవడమంటే ఊరి జాబితా బట్టీ పట్టి ఊరు తెలుసు అనుకోవడమే.

ముందు రెండు మాటలు మన ఆర్ట్సు, కామర్సు మిత్రుల కోసం. కణాలు ముఖ్యంగా రెండు రకాలు. బాక్టీరియా వంటివాటిది కేంద్రకపూర్వ కణం. అది ఒంటి నిట్టాడి గుడిసె. వండేది, పండుకొనేది, గింజలు దాచేది అంతా ఒకే చోట. వంశపారంపర్య పదార్థమైన డి.ఎన్.ఏ. చుట్టూ కూడా గోడ లేదు. మనది, మల్బరీ చెట్టుది, పురుగుది, బూజుది నిజకేంద్రక కణం. ఇది గదులున్న మిద్దె ఇల్లు. డి.ఎన్.ఏ. ఒక గదిలో భద్రంగా ఉంటుంది, దాని పేరు కేంద్రకం. వంటకు ఒక గది, సరుకు సర్దడానికి ఒకటి, చెత్త తీయడానికి ఒకటి. ఈ గదులనే కణాంగాలు అంటున్నాము. బాక్టీరియా సాధారణంగా మిల్లీమీటరులో వెయ్యోవంతు, రెండు వెయ్యోవంతులు ఉంటే, నిజకేంద్రక కణం దానికి పదింతలు, వందింతలు పొడవు ఉంటుంది. ఇల్లు పెద్దదైనప్పుడు గదులు వేసుకోక తప్పదు కదా!

క్లాసులో కణాన్ని కార్ఖానాతో పోల్చి చెబుతారు. మంచి పోలికే. కానీ ఎర్రమంచిలో ఉండేవానికి కార్ఖానాను చూపించి కణాన్ని ఊహించుకొమ్మనడం కన్నా, మా షెడ్డులోని అసలు కార్ఖానాను చూపించడం సులభం. అది పట్టుపురుగు పట్టుగ్రంథి.

గుడ్డు పగిలి చీమంత పురుగు బయటికి వచ్చి, ఇరవై అయిదు దినాలు అటూ ఇటూగా పండేనాటికి సుమారు పదివేల రెట్లు బరువు పెరుగుతుంది. అప్పటికి దాని బరువులో నాలుగో వంతుకు పైగానే పట్టుగ్రంథులు ఉంటాయి. ఇంత పెద్ద గ్రంథిలో కణాలు ఎన్ని అనుకున్నారు? ఒక్కో గ్రంథిలో వెయ్యి, అంతే! పట్టుదారానికి అసలు పదార్థమైన ఫైబ్రోయిన్ తయారుచేసే వెనుక భాగంలో సుమారు అయిదు వందలు. గుడ్డులో ఉన్నప్పుడే ఈ లెక్క ఖాయమైపోతుంది. తర్వాత కణాలు విభజన చెందవు, ఒక్కొక్కటే పెరుగుతాయి. కణం విభజన చెందకపోయినా కేంద్రకంలోని డి.ఎన్.ఏ. మాత్రం రెట్టింపు, మళ్లీ రెట్టింపు అవుతూ లక్షల రెట్లకు చేరుతుంది. అందుకే ఆ కేంద్రకం మన రికార్డు పుస్తకంలో మాదిరి గుండ్రంగా ఉండదు. చెట్టు కొమ్మల మాదిరి శాఖలు శాఖలుగా కణమంతా పరచుకొని ఉంటుంది. "కేంద్రకం గోళాకారంగా ఉండును" అని రాసి మార్కులు తెచ్చుకున్న మనలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

ఇక పని చూడండి. కేంద్రకంలో ఫైబ్రోయిన్ జన్యువు ఉంటుంది. దాని నకలు వార్తాహర ఆర్.ఎన్.ఏ.గా కేంద్రకపు రంధ్రాల గుండా బయటికి వస్తుంది. అంతర్జీవ ద్రవ్యజాలానికి అంటుకొని ఉన్న రైబోజోముల మీద ఆ నకలు చదవబడి, గ్లైసీన్, అలనిన్, సెరీన్ వంటి అమైనో ఆమ్లాలు దండగా గుచ్చబడతాయి. ఆ దండ జాలంలోకి దిగి, గాల్జీ సంక్లిష్టానికి పోయి, అక్కడ సర్దుకొని, చిన్న చిన్న సంచుల్లో కట్టబడి, గ్రంథి నడిమి గొట్టంలోకి వదలబడుతుంది. గ్రంథి మధ్యభాగం దానికి సెరిసిన్ అనే జిగురు పూస్తుంది. పురుగు తల ఆడిస్తూ లాగేసరికి అది దారం! కణంలో సరుకు ఈ బాటన పోతుందని చూపించిన జార్జ్ పలాడేకు, ఆల్బర్ట్ క్లాడ్, క్రిస్టియన్ ద దూవ్‌లతో కలిపి 1974లో నోబెల్ బహుమతి ఇచ్చినారు. సుజుకి, గేజ్, బ్రౌన్ అనే శాస్త్రవేత్తలు 1972లో ఈ పట్టుపురుగు ఫైబ్రోయిన్ జన్యువు మీదే పరిశోధన ప్రకటించినారు. ఒక్క జన్యువు నుంచి నాలుగు దినాల్లో పదివేల వార్తాహర ఆర్.ఎన్.ఏ.లు, ఒక్కో దాని మీద లక్ష ఫైబ్రోయిన్ అణువులు వస్తాయి. అంటే జన్యువు ఒక్కటి, సరుకు వంద కోట్లు!

ఇంత పనికి శక్తి కావాలి. పురుగు జీవితమంతా తినే ఆకులో ఎనభై పాళ్లకు పైగా చివరి వారంలోనే ఎందుకు తింటుందో, ఆ వారంలో మా యింట్లో ఎవరికీ కంటినిండా నిద్ర ఎందుకు ఉండదో ఇప్పుడు అర్థం చేసుకోవచ్చు. ఆకులోని చక్కెరను మైటోకాండ్రియాలు మెల్లగా కాల్చి ఏ.టి.పి.గా మారుస్తాయి. కణంలో ఏ పనికైనా చెల్లే నాణెం ఈ ఏ.టి.పి. దీన్ని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కనిపెట్టినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా కనిపెట్టినాడు. సుబ్బారావు గారి పేరు మనకు జనరల్ నాలెడ్జి బిట్టుగా తెలుసు. మా యమ్మ తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి వేసే ఆకుకూ, ఆయన కనిపెట్టిన పదార్థానికీ సంబంధం ఉందని మాత్రం ఎవరూ కలిపి చెప్పలేదు.

పండిన పురుగు రెండు మూడు దినాల్లో గూడు కట్టి ముగిస్తుంది. తర్వాత ఆ పట్టుగ్రంథికి పని లేదు. కణాల్లోని లైసోజోములు పనిలోకి దిగుతాయి. మనం "స్వయంవిచ్ఛిత్తి సంచులు" అని రాస్తామే, అవి. ఆ గ్రంథిని కరిగించి ఆ సరుకును చిలుక తయారీకి అప్పజెబుతాయి. ఇక్కడే కార్ఖానా పోలిక తెగిపోతుంది. పని తీరినాక తన గోడలు తానే విప్పి ఇటుకలను పక్కింటికి ఇచ్చే కార్ఖానా ఎక్కడుంది?

సరే, పాల సంగతి. మరునాడు ఒక చిన్న సీసాలో ఆ పాలు రెండు చుక్కలు పట్టుకొని కాలేజీకి పోయినాను. మా లెక్చరర్ గారు విసుక్కుంటారనుకున్నాను. ఆయన ఎంత సంతోషించినారో చెప్పలేను. సాయంత్రం క్లాసులు అయినాక అలమారా తాళం తీసి మైక్రోస్కోపు బయట పెట్టినారు. స్లైడు మీద నీళ్లతో పలుచన చేసి చూస్తే, తళతళ మెరిసే సన్నని రవ్వలు, వేలు వేలు, కలకండ ముక్కల మాదిరి అంచులు తేలినవి! ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు మూడు వందల వంతు. ఇవి బహుఫలకాలు. ఒక్కో రవ్వ లోపల ఎన్నో వైరస్ కణికలు పొదిగి ఉంటాయి.

ఇప్పుడు మా యమ్మకు జవాబు దొరికింది. ఆకుతో పాటు ఈ రవ్వలు పురుగు కడుపులోకి పోతాయి. పట్టుపురుగు కడుపు మన కడుపు మాదిరి ఆమ్లం కాదు, గట్టి క్షారం. ఆ క్షారంలో రవ్వ కరిగి వైరస్ బయటపడుతుంది. వైరస్‌కు స్వంత రైబోజోము లేదు, మైటోకాండ్రియా లేదు, అసలు కణమే కాదు. అది పేగు కణాల్లో దూరి, అక్కడినుంచి నెత్తురు వెంట కొవ్వు కణాలకు, చర్మ కణాలకు పోయి, నేరుగా కేంద్రకంలో కూర్చుంటుంది. అధికారం ఉండేది అక్కడే కదా! కూర్చొని తన ఉత్తర్వులు రాయిస్తుంది. పురుగు రైబోజోములు, పురుగు ఏ.టి.పి., అంతా దాని పనికే. కేంద్రకం ఉబ్బి, రవ్వలతో కిక్కిరిసి, కడకు కణమే పగిలిపోతుంది. లక్షలాది కణాలు పగిలి, రవ్వలూ కొవ్వు తుంపులూ నెత్తుట్లో కలిసి తేటనీళ్లు తెల్లబడతాయి. పాలు బయటినుంచి రాలేదు. ఆకులోనుంచీ రాలేదు. అది కరిగిపోయిన పురుగే.

ఇది తెలిస్తే ఏమి లాభం అని అడగవచ్చు. చాలా ఉంది. పాలు కారిన పురుగును పెంటదిబ్బలో వేస్తే ఆ రవ్వలు ఎరువుతో పాటు మళ్లీ తోటకే వస్తాయి. అవి మట్టిలో చాలాకాలం చెడకుండా ఉంటాయి. కాబట్టి చర్మం పగలక ముందే ఏరివేయాలి, కాల్చాలి లేదా సున్నంతో పాతిపెట్టాలి. షెడ్డుకు బ్లీచింగు పొడితో పాటు సున్నం కూడా కలిపి కొట్టమని చెబుతారు. బ్లీచింగు ఉండగా సున్నం దండగ అని మా వైపు కొందరు మానేస్తారు. ఆ సున్నం చేసేది పురుగు కడుపులోని క్షారం చేసే పనే. రవ్వ పెంకును కరిగించి వైరస్‌ను బయట పెడుతుంది, అప్పుడు బ్లీచింగు దాన్ని చంపుతుంది. ఈ కారణం తెలిసిన రైతు సున్నం మానడు.

"నిజకేంద్రక, కేంద్రకపూర్వ కణాల భేదములు రాయుము" అనేది మనకు నాలుగు మార్కుల ప్రశ్న. షెడ్డులో అది పంట ప్రశ్న. పురుగు మెత్తబడి చచ్చే ఫ్లాచరీలో బాక్టీరియాకు పెద్ద పాలు ఉంది. బాక్టీరియా రైబోజోము మన రైబోజోము కన్నా వేరు గనుక, పురుగు రైబోజోమును వదిలి దాన్నే దెబ్బకొట్టే మందులు ఉన్నాయి. పురుగు సుద్దముక్క మాదిరి బిగుసుకుపోయే సున్నపురోగం బూజు వల్ల వచ్చేది. బూజు మన మాదిరే నిజకేంద్రక జీవి. సూక్ష్మజీవి వల్ల జంతువుకు రోగం వస్తుందని లోకానికి మొదట చూపించిన రోగాల్లో ఇది ముఖ్యమైనది. 1835లో ఇటలీలో అగస్టినో బస్సి చూపించినాడు.

అన్నిటికన్నా గడ్డుది పెబ్రిన్. దాన్ని తెచ్చే నోసీమా కూడా నిజకేంద్రక జీవే. దానికి కేంద్రకం ఉంది గాని మైటోకాండ్రియా పేరుకు మాత్రం మిగిలింది. పొయ్యి పారేసుకొని పక్కింటి బువ్వ తినే రకం. పురుగు కణంలో దూరి పురుగు ఏ.టి.పి.నే దొంగిలిస్తుంది. కణం రీతిలో అది పురుగుకు దగ్గరి చుట్టం గనుక, దాన్ని చంపి పురుగును వదిలే మందు దొరకడం కష్టం. తల్లి చిలుక నుంచి గుడ్డుకే ఎక్కుతుంది. అందుకే 1865లో ఫ్రాన్సులో ఈ రోగం మీద పనికి దిగిన పాశ్చర్ మందు వెదకలేదు. గుడ్లు పెట్టిన చిలుకను నూరి మైక్రోస్కోపులో చూసి, మెరిసే కోడిగుడ్డు ఆకారపు బీజాలు కనిపిస్తే ఆ గుడ్లను కాల్చివేయమన్నాడు. ఈనాటికీ గుడ్ల కేంద్రాలలో జరిగేది అదే పరీక్ష. మా షెడ్డులోకి వచ్చే ప్రతి గుడ్డూ ఒక మైక్రోస్కోపు కిందినుంచి వస్తోంది. అయినా ఆ షెడ్డు బిడ్డ మైక్రోస్కోపులో ఉల్లిపొర తప్ప వేరేది చూడకుండానే డిగ్రీ పట్టా తీసుకుంటాడు!

కొందరు మిత్రులు అంటారు, సిలబస్ మన చేతిలో లేదు, పల్లెటూరి ఉదాహరణలు పోటీ పరీక్షలకు పనికిరావు అని. సిలబస్ కణాంగాలను చెప్పమంది గాని, పట్టుగ్రంథిని చూపించవద్దు అనలేదు కదా. పట్టుగ్రంథి కణాన్ని అర్థం చేసుకున్నవాడు ఏ పరీక్షలో ఏ కణాంగం గురించి అడిగినా రాయగలడు. బొమ్మ బట్టీ పట్టినవాడు ప్రశ్న కొంచెం మెలిక తిరిగితే నా మాదిరే "ఆకులో పాలు" అంటాడు. ఇంకొందరు, ఊరిముందర ఫ్యాక్టరీ వచ్చినాక ఈ పురుగుల గొడవ ఎందుకు అంటారు. ఫ్యాక్టరీ ఉద్యోగం మంచిదే, నాకు దొరికితే నేనూ పోతాను. కానీ విజ్ఞానశాస్త్రం అంటే గేటు లోపల ఉండేది మాత్రమే అనుకోవడం, అమ్మ పనిలో శాస్త్రం లేదనుకోవడం, ఇది మన చదువులోని లోపం.

కాబట్టి నాదొక చిన్న విన్నపం. ప్రాక్టికల్సులో ఉల్లిపొరతో పాటు పట్టుగ్రంథి స్లైడు పెట్టండి. పండబోయే పురుగులు నాలుగు మా యింటినుంచి నేనే తెస్తాను. అసిటోకార్మిన్ రంగు వేస్తే కొమ్మలు వేసిన కేంద్రకం మన మామూలు మైక్రోస్కోపులోనే కనబడుతుంది. మైటోకాండ్రియా, గాల్జీ సరిగ్గా కనబడవు, వాటికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫోటోలు చూపిస్తే చాలు. రెండోది, హిందూపురం పక్కన కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది. విహారయాత్రకు ఊటీ పోయే ముందు ఒక పూట అక్కడికి పోదాము. మూడోది, వారంలో ఒక సాయంత్రం ఆ అలమారా తాళం తీయించండి. ఊర్లనుంచి వచ్చే విద్యార్థులు తమ షెడ్డులో చచ్చిన పురుగును తెచ్చి, లెక్చరర్ల ఎదుట చూసి తెలుసుకుంటారు. మనం పట్టుపరిశ్రమ అధికారుల పని చేస్తామని కాదు, మన చదువు మనం చేసుకుంటాము. దీనికయ్యే ఖర్చు నాలుగు గాజు పలకలు, ఒక సీసా రంగు.

ఆ రాత్రి ఇంటికి పోయి మా యమ్మకు అంతా చెప్పినాను. కేంద్రకం, వైరస్ అనే మాటలు లేకుండానే. ఆమె బువ్వ కలుపుతూ విని, "అంటే అవి పాలు గాదు. పురుగే కరిగి కారతాండాదన్నమాట," అనింది. కొంచెంసేపు ఊరికే ఉండి, "ఇన్నేండ్లూ వాటిని దిబ్బలోనే యేస్తిమి గదరా," అనింది.

దాని తర్వాతి పంట మాకు వచ్చింది. నా చదువు వల్లనే వచ్చిందని చెప్పను. వానలు తగ్గినాయి, గాలి బాగా ఆడింది. కానీ షెడ్డు వెనుక ఇప్పుడు సున్నం చల్లిన ఒక గుంత ఉంది. దాన్ని తవ్వింది మా యమ్మ.

మిత్రులారా, మనలో ఎక్కువ మందిమి మట్టి మిద్దెల్లోనుంచి, సేద్యపు ఇండ్లలోనుంచి వచ్చినవాళ్లమే. మన ఇండ్లలో ప్రశ్నలు లేక కాదు, వాటికి మన దగ్గర జవాబు ఉంటుందని అడిగేవాళ్లకూ నమ్మకం లేదు, మనకూ లేదు. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక ప్రశ్న అడిగించుకొని రండి. దాన్ని పట్టుకొని ఆ అలమారా దగ్గర నిలబడదాము. తాళం చెవి అడిగితే ఇచ్చేవాళ్లు ఉన్నారు. అది నాకు స్వానుభవం.